పూచీ ఎవరిది?
సర్ మోర్టన్ పీటో, సర్ ఆర్థర్ కాటన్ జీవితాలపై ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

రాజమండ్రి పుష్కర ఘాట్ వద్ద నిలబడి చూచినప్పుడు గోదావరిపై వరుసగా వంతెనలు కనబడతాయి. వాటిలో అతి పాతది హేవలాక్ వంతెన. 1897లో నిర్మాణం మొదలై 1900లో రైళ్ళకు తెరవబడిన ఈ వంతెన 1997లో విశ్రాంతి తీసుకొన్నది. అక్కడ నుండి కొద్ది మైళ్ళు దిగువకు వెళితే ధవళేశ్వరం వద్ద ఆనకట్ట. ఒకటి రైలు కొరకు, మరొకటి నీటి కొరకు. రెండూ తెల్ల దొరల కాలంలో కట్టినవే గనుక రెండింటినీ మనం ఒకే గాటన కట్టి "ఇంగ్లీషు వారు చేసిన మేలు" అంటూ ఉంటాము. అయితే పందొమ్మిదవ శతాబ్దంలో ఈ రెంటి మధ్య పెద్ద వివాదం నడిచింది. ఇండియా దేశపు డబ్బు రైలుకు పెట్టాలా, నీటికి పెట్టాలా? పెట్టుబడి నష్టపోతే ఆ నష్టం ఎవరు భరించాలి? ఈ ప్రశ్నలు బ్రిటిష్ పార్లమెంటు వరకు వెళ్ళాయి.

ఈ వ్యాసంలో ఆ వివాదాన్ని ఇద్దరు వ్యక్తుల జీవితాల ద్వారా పరిశీలించుటకు ప్రయత్నిస్తాను. మొదటివాడు సర్ శామ్యూల్ మోర్టన్ పీటో. ఇంగ్లాండులో రైల్వే కాంట్రాక్టరు, పెట్టుబడిదారుడు, పార్లమెంటు సభ్యుడు, బాప్టిస్టు సంఘ పెద్ద. రెండవవాడు మనకు సుపరిచితుడైన సర్ ఆర్థర్ కాటన్. పీటోకు గోదావరితో సంబంధం లేదు. కాటన్‌కు లండన్ షేరు మార్కెట్టుతో వ్యాపార సంబంధం లేదు. కాని వీరిద్దరూ ఒకే తరం వారు, ఇద్దరూ సువార్తిక విశ్వాసులు, ఇద్దరూ ఇతరుల డబ్బుతో గొప్ప నిర్మాణాలు చేసినవారు. అందుచేత వీరిని ప్రక్కప్రక్కన పెట్టి చదవడం సంఘ కాపరులకు, వేదాంత విద్యార్థులకు ప్రయోజనకరమని నా అభిప్రాయం.

1. మోర్టన్ పీటో: ఇటుకల నుండి రైలు పట్టాల వరకు

పీటో 1809 ఆగస్టు 4న ఇంగ్లాండులోని సర్రే ప్రాంతంలో జన్మించాడు. బాల్యంలోనే తన పినతండ్రి హెన్రీ పీటో వద్ద భవన నిర్మాణ పని నేర్చుకొన్నాడు. 1830లో ఆ పినతండ్రి మరణించగా, వ్యాపారం పీటోకు, అతని బంధువు థామస్ గ్రిస్సెల్‌కు సంక్రమించింది. లండన్ నగరంలో నెల్సన్ స్తంభం కట్టినది వీరి సంస్థయే. అగ్నిప్రమాదంలో కాలిపోయిన పార్లమెంటు భవనాన్ని తిరిగి కట్టే పనిలో కూడ వీరికి పెద్ద భాగం లభించింది.

1840వ దశకంలో ఇంగ్లాండును రైలు పిచ్చి పట్టుకొన్నది. పీటో ఆ వైపు మొగ్గాడు. గ్రిస్సెల్‌కు ఆ వ్యాపారంలోని అపాయం నచ్చలేదు. 1846లో ఇద్దరూ విడిపోయారు. రైల్వే పనులు పీటో తీసుకొన్నాడు. తన సోదరి భర్తయైన ఎడ్వర్డ్ బెట్స్‌ను భాగస్వామిగా చేర్చుకొన్నాడు. ఆ తరువాత వారు ఇంగ్లాండులోనే గాక డెన్మార్కులోను, కెనడాలోను రైలు మార్గాలు వేశారు. కెనడాలోని గ్రాండ్ ట్రంక్ రైల్వే పనిలో థామస్ బ్రాసీ అనే మరొక ప్రసిద్ధ కాంట్రాక్టరు వీరితో కలిశాడు.

పనివారి విషయంలో పీటోకు మంచి పేరుండెను. ఆ రోజుల్లో రైలు కట్టలు పోసే కూలీలకు చాలామంది కాంట్రాక్టర్లు నగదు ఇచ్చేవారు కారు. తమ దుకాణంలోనే ఎక్కువ ధరకు సరుకులు కొనుక్కోవాలని చీటీలు ఇచ్చేవారు. పీటో ఈ పద్ధతిని వ్యతిరేకించి వారం వారం నగదు చెల్లించాడు. కూలీల మధ్య వాక్యం చదివి వినిపించుటకు మనుష్యులను నియమించాడు. 1846లో రైల్వే కూలీల స్థితిపై పార్లమెంటు సంఘం విచారణ జరిపినప్పుడు పీటో సాక్ష్యమిచ్చాడు.

2. సంఘంలోను, పార్లమెంటులోను

1843లో జరిగిన రెండవ వివాహం తరువాత పీటో బాప్టిస్టులతో ఏకమయ్యాడు. 1848లో లండన్ నడిబొడ్డున బ్లూమ్స్‌బరీ చాపెల్ నిర్మాణం ఆయన ధనసహాయంతో పూర్తయింది. అంతవరకు రాజ్య సంఘమునకు వెలుపల ఉన్న విశ్వాసుల మందిరాలు సాధారణంగా సందుగొందులలో ఉండేవి. రాజవీధిలో అందరికీ కనబడేలా బాప్టిస్టు మందిరం నిలవాలన్నది ఆయన కోరిక. విలియం కేరీ కాలంలో స్థాపించబడిన బాప్టిస్టు మిషనరీ సొసైటీకి ఆయన 1846 నుండి 1867 వరకు కోశాధికారిగా పనిచేశాడు.

1847లో నార్విచ్ పట్టణం నుండి లిబరల్ పక్షాన పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1850లో ఆయన ప్రయత్నం వలన ఒక చట్టం వచ్చింది. సంఘపు ఆస్తి కొందరు ధర్మకర్తల పేరున ఉండగా, వారిలో ఒకరు చనిపోయిన ప్రతిసారి క్రొత్త దస్తావేజు రాయించవలసి వచ్చేది. అది ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చు భరించలేక అనేక చిన్న సంఘాలు హక్కు పత్రాలు సరిచేయించుకోక, కాలక్రమంలో ఆస్తి తగాదాలలో పడేవి. క్రొత్త ధర్మకర్తలకు హక్కు సులభంగా సంక్రమించే ఏర్పాటు ఈ చట్టం చేసింది. దానిని నేటికీ పీటో చట్టమనే పిలుస్తారు. మన ప్రాంతంలో మిషను ఆస్తుల తగాదాలు ఎరిగినవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికులు చలికి, ఆకలికి మరణిస్తున్నప్పుడు, ఓడరేవు నుండి శిబిరాలకు సరుకు చేర్చుటకు 1855లో పీటో సంస్థ లాభం తీసుకోకుండా రైలు మార్గం వేసింది. ప్రభుత్వ కాంట్రాక్టు ఉన్నవాడు సభ్యుడుగా కొనసాగరాదు గనుక ఆయన తన స్థానాన్ని వదులుకొన్నాడు. ఆ సేవకు బారొనెట్ బిరుదు లభించింది. తరువాత 1859లో ఫిన్స్‌బరీ నుండి, 1865లో బ్రిస్టల్ నుండి తిరిగి ఎన్నికయ్యాడు. యాభై ఐదేళ్ళ వయస్సులో పీటోకు లేనిదేమిటి? ధనం, బిరుదు, పదవి, సంఘంలో గౌరవం అన్నీ ఉన్నాయి.

3. 1866: కూలిన గోపురం

పీటో పతనానికి కారణం ఆయన దురాశ అని కొందరు తేలికగా చెబుతారు. విషయం అంత సులభం కాదు. అప్పటి వ్యాపార విధానాన్ని కొంచెం అర్థం చేసికోవాలి.

మొదట్లో రైల్వే కంపెనీ ప్రజల నుండి షేర్ల ద్వారా డబ్బు పోగుచేసి, ఆ డబ్బును కాంట్రాక్టరుకు చెల్లించేది. కాలక్రమంలో షేర్లు కొనేవారు తగ్గారు. అప్పుడు కంపెనీలు కాంట్రాక్టరుకు నగదుకు బదులు తమ షేర్లను, బాండ్లను ఇవ్వసాగాయి. కాంట్రాక్టరు ఆ కాగితాలను డిస్కౌంటు వ్యాపారి వద్ద తాకట్టు పెట్టి నగదు తెచ్చి, కూలీలకు చెల్లించి పని సాగించేవాడు. అనగా మార్గం కట్టేవాడే దానికి పెట్టుబడిదారుడు కూడ అయ్యాడు. లండన్, చాతమ్ అండ్ డోవర్ రైల్వే విషయంలో పీటో, బెట్స్ సంస్థ ఈ విధంగా మెడలోతు దిగిపోయింది.

ఈ కాగితాల వ్యాపారంలో పేరుపొందిన సంస్థ ఓవరెండ్ గర్నీ. దాని స్థాపక కుటుంబం క్వేకర్లు. నిజాయితీకి మారుపేరుగా ఎంచబడినవారు. 1866 మే 10న సుమారు 1 కోటి 10 లక్షల పౌన్ల బాకీలతో ఆ సంస్థ తలుపులు మూసింది. మరునాడే పీటో, బెట్స్ సంస్థ చెల్లింపులు నిలిపివేసింది. రైల్వే ఖాతాలపై విచారణలు జరిగాయి. 1868లో పీటో పార్లమెంటు స్థానాన్ని వదులుకొన్నాడు. గ్లాడ్‌స్టన్, డిజ్రేలీ ఇరువురూ సభలో ఆయన వ్యక్తిత్వాన్ని గౌరవంగా పేర్కొన్నారు. కాని వ్యాపారంలో ఆయన మళ్ళీ పూర్వస్థితికి రాలేదు. 1889 నవంబరు 13న మరణించాడు.

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. పీటో నష్టం వచ్చినప్పుడు దాని దెబ్బ ఆయనకే తగిలింది. ఇల్లు, ఎస్టేటు, పదవి పోయాయి. ఆయనను నమ్మిన షేరుదారులు కూడ నష్టపోయారు. ఇంగ్లాండులో పెట్టుబడి పెట్టినవాడే దాని అపాయాన్ని మోసాడు. అదే ఇంగ్లాండు డబ్బు ఇండియా రైళ్ళలోకి వచ్చినప్పుడు ఈ నియమం మారిపోయింది.

4. ఇండియా రైలుకు పూటపడినది ఎవరు?

1849లో ఈస్ట్ ఇండియా కంపెనీ రెండు రైల్వే కంపెనీలతో ఒప్పందం చేసికొన్నది. ఆ ఒప్పందాల సారాంశం ఇది: రైలుకు కావలసిన భూమిని ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. లండన్ షేరుదారులు పెట్టిన పెట్టుబడిపై సంవత్సరానికి 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇస్తుంది. రైలు నుండి వచ్చే నికర ఆదాయం దానికి చాలకపోతే, తక్కువైన సొమ్మును ఇండియా రాబడి నుండి భర్తీ చేస్తుంది. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుండి ఠాణాకు, 1856 జూలై 1న మద్రాసులోని రాయపురం నుండి వాలాజా వైపుకు రైళ్ళు నడిచినది ఈ ఏర్పాటు క్రిందనే.

హామీ అనగా పూచీ. మన తెలుగు బైబిలులో సామెతల గ్రంథం దీనిని "పూటపడుట" అంటుంది. పొరుగువాని కొరకు పూటపడవద్దని ఆ గ్రంథం పదేపదే హెచ్చరిస్తుంది. అయితే అక్కడ పూటపడేవాడు కనీసం తన నోటితో తానే ఒప్పుకొంటాడు. ఇక్కడ ఒప్పుకొన్నది లండనులోని డైరెక్టర్లు, చెల్లించినది ఇక్కడి రైతు. ఇండియా రాబడి అనగా భూమిశిస్తు, ఉప్పు పన్ను. రైలును ఎన్నడూ చూడని పల్లెలోని కూలివాడు గంజిలో వేసికొన్న ఉప్పు మీద కూడ ఆ భారం పడింది.

వడ్డీ ఎలాగూ వస్తుంది గనుక ఖర్చు తగ్గించవలసిన అవసరం కంపెనీలకు లేకపోయింది. ఇండియా ప్రభుత్వంలో ఆర్థిక సభ్యుడుగా ఉన్న విలియం మాస్సీ 1872లో పార్లమెంటు విచారణ సంఘం ఎదుట ఈ మాట బాహాటంగా ఒప్పుకొన్నాడు. ఆ డబ్బు ఇటుకగా మారినా, హుగ్లీ నదిలో పారబోసినా, 5 శాతం వచ్చినంతకాలం షేరుదారునికి ఒకటేనన్నది ఆయన సాక్ష్యపు భావం. చరిత్రకారుడు రమేశ్ చంద్ర దత్తు లెక్క ప్రకారం 1900 నాటికి రైల్వేల వలన ఇండియా పన్ను చెల్లింపుదారులకు కలిగిన నష్టం సుమారు 4 కోట్ల పౌన్లు. రైల్వేలపై దాదాపు 22 కోట్ల 50 లక్షల పౌన్లు ఖర్చుకాగా, నీటిపారుదలపై ఖర్చయినది సుమారు 2 కోట్ల 50 లక్షల పౌన్లు మాత్రమే.

5. ఆర్థర్ కాటన్: గోదావరి లెక్క

పీటో కంటే ఆరేళ్ళు పెద్దవాడైన కాటన్ 1803 మే 15న జన్మించాడు. 1821లో మద్రాసు ఇంజనీరుల దళంలో పనికి వచ్చాడు. కావేరి పాయయైన కొల్లడంపై 1836లో ఆనకట్టలు కట్టి తంజావూరు సేద్యాన్ని కాపాడాడు. ఆయన రైలుకు విరోధి అని చాలామంది అనుకొంటారు. అది సరికాదు. ఇండియాలో మొట్టమొదటిదిగా చెప్పబడే రెడ్ హిల్స్ రైలు మార్గం 1837 ప్రాంతంలో మద్రాసు దగ్గర రాళ్ళు మోయుటకు వేయబడినప్పుడు దానిలో కాటన్ హస్తమున్నది. ధవళేశ్వరం ఆనకట్టకు రాళ్ళు చేరవేయుటకు కూడ పట్టాలు వాడారు. ఆయన అడిగినది ఒక్కటే: ముందు ఏది?

ఆయన గోదావరికి వచ్చేనాటికి ఈ ప్రాంతపు స్థితి దయనీయంగా ఉండెను. 1832-33 నందన కరువును గుంటూరు ప్రాంతంలో నేటికీ డొక్కల కరువు అని చెప్పుకొంటారు. 1839లో పెను తుఫాను కోరంగిని ముంచివేసింది. వర్షం లేనప్పుడు పైరు ఎండిపోయేది, వరద వచ్చినప్పుడు కొట్టుకుపోయేది. జీవనది ప్రక్కనే ప్రవహిస్తూ సముద్రంలో కలిసిపోతుండగా ప్రజలు ఊళ్ళు విడిచి పోతుండిరి. కాటన్ 1844లోను, 1845లోను నివేదికలు పంపాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, లంకలను కలుపుకొంటూ ఆనకట్ట లేచింది. రాతికట్టడమే రెండు మైళ్ళకు మించిన పొడవు. కోనసీమలోని గన్నవరం వద్ద నదీపాయ మీదుగా 49 కమానులతో కాలువను దాటించిన అక్విడక్టు హేగ్ దొర నాయకత్వంలో కట్టబడింది. వీణెం వీరన్న వంటి స్థానిక ఉద్యోగుల శ్రమ, పేరు లేని వేలాది కూలీల చెమట ఇందులో ఉన్నాయి.

ఈ పనికి లండనులో షేర్లు అమ్మలేదు. ఎవరికీ 5 శాతం హామీ ఇవ్వలేదు. ప్రభుత్వపు ఖజానా నుండి సంవత్సరం సంవత్సరం సొమ్ము మంజూరు చేయించుకొంటూ కట్టారు. పెరిగిన శిస్తు రూపంలో ఆ పెట్టుబడి తిరిగి వచ్చింది. నీటితోపాటు పడవ మార్గం కూడ వచ్చింది. కాకినాడ, నర్సాపురం, ఏలూరు, బెజవాడల మధ్య ధాన్యం కాలువల మీదనే నడిచింది. ఒకే కాలువ పొలానికి నీరు, బేరానికి దారి ఇచ్చింది గనుక కాటన్ లెక్కలో రైలుకంటె కాలువ చవక.

6. 1878 విచారణ, కాటన్ పొరపాట్లు

1860లో కాటన్ ఇండియా విడిచి వెళ్ళాడు. 1861లో సర్ బిరుదు పొందాడు. అప్పటినుండి దాదాపు నలభై ఏళ్ళు ఇంగ్లాండులో ఉపన్యాసాలతో, కరపత్రాలతో నీటి కొరకు పోరాడాడు. 1876-78 మహా కరువులో మద్రాసు రాజధానిలోని ఇతర జిల్లాలు అల్లాడుతుండగా గోదావరి డెల్టా పంట పండించింది. రైలు ధాన్యాన్ని మోయగలదు గాని పుట్టించలేదు. కొనుటకు కూలి లేనివానికి స్టేషనులో బస్తాలు ఉన్నా ఆకలి తీరదు. ఈ వాదాన్ని పార్లమెంటులో జాన్ బ్రైట్ బలపరచాడు. ఫ్లారెన్స్ నైటింగేల్ కాటన్‌కు అండగా నిలిచింది. 1878లో లార్డ్ జార్జి హామిల్టన్ అధ్యక్షతన ఏర్పడిన పార్లమెంటు సంఘం ఎదుట 75 ఏళ్ళ కాటన్ సాక్ష్యమిచ్చాడు. సభ్యులు ఆయనను కఠినంగా ప్రశ్నించారు. ఆయన వాదం నెగ్గలేదు.

అయితే మన ప్రాంతపు అభిమానంతో ఆయన పొరపాట్లను దాచరాదు. ప్రైవేటు కంపెనీ ద్వారా నీటిపారుదల చేయవచ్చునని కాటన్ ప్రోత్సహించగా 1858లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడింది. పది లక్షల పౌన్లపై 5 శాతం హామీ, రైల్వేలకు వలెనే దీనికీ దొరికింది! సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి కర్నూలు-కడప కాలువ తవ్వారు. ఆ కంపెనీ లాభం చూడలేదు. చివరకు 1882లో ప్రభుత్వం దానిని కొనవలసి వచ్చింది. భద్రాచలం పైన దుమ్ముగూడెం మొదలుకొని ఎగువ గోదావరిని పడవ మార్గంగా చేయవలెనన్న పథకం కూడ 1871లో ఆపివేయబడింది. 1878లో ఆయనను ప్రశ్నించినవారి చేతిలో ఉన్న ఆయుధాలు ఇవే. గోదావరిలో సరిపోయిన లెక్క అన్ని నదులకు సరిపోతుందని ఆయన అనుకొన్నాడు. పీటో ఎక్కడ తప్పాడో కాటన్ కూడ కొంతవరకు అక్కడే తప్పాడు: ఒకచోట దేవుడిచ్చిన విజయాన్ని వేరొకచోటికి పూచీగా చూపించాడు.

7. లాభం ఎవరికి?

మరొక ప్రశ్న మనలను మనమే వేసికోవాలి. ఆనకట్ట వలన లాభపడినది ఎవరు? నీరు భూమికి వచ్చింది. కాబట్టి భూమి ఉన్నవానికి ముందు లాభం వచ్చింది. డెల్టాలో భూమి విలువ పెరిగింది, ధాన్యం వ్యాపారం పెరిగింది, పట్టణాలు, కళాశాలలు వెలిశాయి. కాలువలు తవ్విన మాల, మాదిగ కుటుంబాలలో అత్యధికులు ఆ కాలువ క్రింది పొలాలలో పాలేర్లుగానే మిగిలారు. కరువు చావులు తగ్గుట వారికీ మేలే. కాని ఆ మేలు కూలిగానే వచ్చింది, హక్కుగా రాలేదు.

మన సంఘాల పుట్టుక ఈ కాలానిదే, ఈ ప్రజలలోనిదే. డెవాన్ ప్రాంతం నుండి 1836లో ఆంథోనీ నారిస్ గ్రోవ్స్‌తో కలిసి ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలలో ప్రయాసపడ్డాయి. ఉత్తర జర్మనీ మిషను పక్షాన వాలెట్ 1845లో రాజమండ్రిలో పని ప్రారంభించగా అది తరువాత అమెరికను లూథరన్లకు అప్పగించబడింది. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో స్థిరపడ్డారు. ఈ మిషనులలో చేరినవారు ఎక్కువగా భూమి లేనివారే. డెల్టా సంఘాలలో కానుక తట్టలో పడిన పిడికెడు బియ్యం ఆ కాలువ నీటితో పండినదే, అయితే చాలావరకు ఇతరుల పొలంలో పండినది. కాటన్ దొరను భగీరథునిగా కొనియాడే ఉపన్యాసాలలో ఈ సంగతి సాధారణంగా వినబడదు. సంఘ చరిత్ర రాసేవారైనా దీనిని రాయాలి.

ఇంకొక జాగ్రత్త. కాటన్ జీవిత చరిత్రను 1900లో ప్రచురించినది ఆయన కుమార్తె లేడీ హోప్. డార్విన్ తన చివరి రోజుల్లో బైబిలు చదువుచుండగా చూచితినని చెప్పిన స్త్రీ ఈమెయే. 1915లో అచ్చయిన ఆ కథను డార్విన్ సంతానం ఖండించారు. అయినను మన ప్రసంగాలలో అది నేటికీ వినబడుతుంది. పీటో స్మారక గ్రంథాన్ని కూడ 1893లో కుటుంబం వారే ముద్రించారు. ప్రేమతో రాసిన పుస్తకాలు అబద్ధాలని నా భావం కాదు. అయితే విచారణ సంఘాల దస్తావేజులను, ఖాతా పుస్తకాలను కూడ ప్రక్కన పెట్టుకొని చదవాలి. మన మిషనరీల చరిత్రలకు, మన సంఘ స్థాపకుల చరిత్రలకు కూడ ఇదే వర్తిస్తుంది.

8. కాపరులకు కొన్ని ఆలోచనలు

మొదటిది: వ్యక్తిగత భక్తి పెట్టుబడిని కాపాడదు. పీటో ప్రార్థనాపరుడు, ఉదారుడు, కూలీలకు న్యాయం చేసినవాడు. ఓవరెండ్ గర్నీ సంస్థకు క్వేకర్ల పేరు ఉన్నది. అయినా లెక్క తప్పినప్పుడు పేరు నిలబెట్టలేదు. లూకా 14వ అధ్యాయంలో గోపురం కట్టదలచినవాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పినది అవిశ్వాసులకు కాదు, శిష్యులు కాగోరినవారికి.

రెండవది: ఇతరుల తలపై పూచీ పెట్టి మనం సంతకం చేయరాదు. మందిరం కట్టుటకు అప్పు తెచ్చినప్పుడు ఆ వడ్డీ ఎవరి కానుకల నుండి పోతుంది? తీర్మానం చేసిన సభలో కూలి పని చేసికొనే విధవరాలు ఉన్నదా? ఆమెకు ఆ లెక్క ఎవరైనా వివరించారా? రైల్వే హామీలో జరిగిన అన్యాయం పెద్ద రాజ్యాల సంగతి మాత్రమే కాదు. పదిమంది పెద్దలు కూర్చున్న కమిటీ గదిలో కూడ అది జరుగగలదు.

మూడవది: సంఘపు ఆస్తి కాగితాలను సరిగా ఉంచుకోవాలి. పీటో కట్టిన మార్గాలపై వచ్చిన లాభాలు ఆవిరైపోయాయి. ఆయన ఆస్తి పోయింది. కాని చిన్న సంఘాల హక్కు పత్రాల కొరకు ఆయన తెచ్చిన చట్టం నిలిచింది. గొప్ప పని ఏదో, చిన్న పని ఏదో మనకు ముందుగా తెలియదు.

ముగింపు

కాటన్ 1899 జూలై 24న ఇంగ్లాండులోని డోర్కింగ్‌లో మరణించాడు. అప్పటికి గోదావరిలో హేవలాక్ వంతెన స్తంభాలు లేస్తున్నాయి. మరుసటి సంవత్సరం రాజమండ్రి నుండి కొవ్వూరుకు రైలు నది దాటింది. ఈ ఈస్ట్ కోస్ట్ మార్గాన్ని ప్రభుత్వమే నిర్మించింది. హామీ కంపెనీల కాలం అప్పటికి వెనుకబడింది. రైలు వచ్చినందుకు మనం చింతించము. డెల్టా ధాన్యం దూరప్రాంతాలకు చేరినది, మన పిల్లలు చదువులకు వెళ్ళినది ఆ వంతెన మీదనే. వందేళ్ళలోపే అది విశ్రాంతి తీసుకొన్నది. కాటన్ కట్టిన ఆనకట్ట కూడ పాతబడి, దాని స్థానంలో 1982లో ఆయన పేరుతోనే క్రొత్త బ్యారేజీ వచ్చింది. మనుష్యులు కట్టినవేవీ శాశ్వతం కావు.

అయినా చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న మాత్రం పాతబడదు. ఒక కట్టడం వద్దకు వెళ్ళినప్పుడు ఎవరు కట్టారు అని మనం అడుగుతాము. శిలాఫలకం జవాబు చెబుతుంది. ఎవరు చెల్లించారు, నష్టం వస్తే ఎవరు పూటపడ్డారు అని కూడ అడగాలి. దానికి శిలాఫలకం ఉండదు. ఖాతా పుస్తకాలు వెదకాలి, ఊరి ముసలివారిని అడగాలి. మన వేదాంత విద్యార్థులలో కొందరైనా తమ సొంత సంఘం విషయంలో ఈ పనికి పూనుకొంటే ఈ వ్యాసం రాసిన శ్రమ ఫలించినట్లే.